పనికిరాని అయిదడుగుల చోటు

మా పెరట్లో పనసచెట్టు 2013 అక్టోబరు 12 రాత్రి కూలింది. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి అది. దసరా రోజులు. కరెంటు పోయి, కొవ్వొత్తి చుట్టూ కూర్చుని, అది వేళ్లతో సహా పెకలి పడిన చప్పుడు విన్నాం. తెల్లారాక చూస్తే మాను నేలమీద ఉంది, అది నిలబడ్డ చోట మోకాటిలోతు గొయ్యి ఉంది. ఆ వారం మా ఊళ్లో, ఒడిశా బరంపురంలో, ఏ వీధిలో చూసినా రంపాల చప్పుడే. కలప మిల్లుకి తోలేశాం. గొయ్యిని మాత్రం పదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. కొన్నాళ్లు కొబ్బరి డొక్కలు పడ్డాయి, కొన్నాళ్లు విరిగిన పెంకులు. ఒక ఏడాది అందులో పిల్లి ఈనింది.

2023 కార్తీకంలో ఆ గొయ్యికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. మావాడికి నాలుగేళ్లు నిండాయి, అక్కడ వాడికి ఇసుకగుంట కడతానన్నాను. అనగానే ఇంట్లో అందరికీ ఆ చోటుతో పని గుర్తొచ్చింది. నాన్నకి స్కూటర్ షెడ్డు కావాలి. అమ్మకి మల్లెపాదు కావాలి. మా ఆవిడకి బట్టలుతికే బండ. పర్లాకిమిడి నుంచి వచ్చిన మా బావ అయితే, "రెండు గదులేసి కాలేజీ కుర్రోళ్లకి అద్దెకిచ్చెయ్ బావా" అని అక్కడికక్కడే నెల లెక్క కట్టేశాడు. చివర్న నాన్న అడిగారు: "ఏట్రా, గజం ధర తెలుసా నీకు? ఆ జాగాలో ఇసక పోసుకుని ఆడిస్తావా?"

గజం ధర నాకు తెలుసు. అప్పుడు జవాబు చెప్పలేదు గానీ, ఇన్నాళ్లుగా మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు రాసేస్తాను.

మా ఇంట్లో ప్రతి అడుగుకీ ఒక పని ఉంది. హాల్లో సోఫా, టీవీ. మేడమీద నీళ్ల ట్యాంకు, వేసవిలో వడియాలు, మిగతా కాలమంతా బట్టలు. వరండాలో నాన్న కుర్చీ, పేపరు. వీధిలో మోటారు సైకిళ్లు. పిల్లవాడు ఎక్కడ ఆడినా ఎవరో ఒకరి పనికి అడ్డమే. వాడు పొద్దుణ్ణించి రాత్రి దాకా వినే మాటలు లెక్కపెట్టాను ఒకసారి: "అక్కడొద్దు", "అది ముట్టుకోకు", "జరుగు నాన్నా". వీటిలో ఏదీ తిట్టు కాదు, అన్నీ ముద్దుగా అన్నవే. అయినా ఆ ఇంట్లో వాడొక అద్దెకున్నవాడు. బొమ్మలకేం తక్కువ లేదు, ఒక గోతాం నిండా ఉన్నాయి. లేనిదల్లా పెద్దవాళ్లకి ఏ పనికీ రాని చోటు. ఎంత పాడుచేసినా పాడవని చోటు.

మా చిన్నప్పుడు మాకెవరూ ఇసుకగుంట కట్టలేదు. ఊళ్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఇల్లు కట్టేవారు, వాళ్ల వాకిట్లో రుషికుల్య ఇసుక కుప్ప నెలల తరబడి ఉండేది. సాయంత్రం కూలీలు చేతులు కడుక్కుని వెళ్లిపోయాక ఆ కుప్ప మాది. పాదం మీద తడి ఇసుక పెట్టి, అరచేత్తో తట్టి తట్టి, ఊపిరి బిగబట్టి కాలు వెనక్కి లాక్కుంటే పిచ్చుక గూడు. పక్కవాడు పరిగెత్తుకుంటూ వస్తే ఆ అదురుకే కూలిపోయేది. ఇంకొంచెం పెద్దయ్యాక పుల్లాట. ఇసుకని మూరెడు కట్టలాగా పోసి, అందులో పుల్ల దాస్తూ, వేళ్లు ఈ చివరి నుంచి ఆ చివరికి పోనిస్తూ, ఎక్కడ వదిలామో తెలియకుండా మొహం పెట్టడమే అందులో కిటుకు. ఎదుటివాడు రెండు చేతులూ కలిపి ఒక చోట మూస్తాడు. పుల్ల అక్కడ లేకపోతే వాడి పని అయిపోయినట్టే. దోసిట్లో ఇసుక పోసి, పుల్ల గుచ్చి, కళ్లు మూసి వీధంతా తిప్పి ఎక్కడో పోయించేవాళ్లం. వెనక్కి తెచ్చి గిరగిర తిప్పి వదిలితే, వాడు వెతుక్కుంటూ పోవాలి. ఇంటాయన కర్ర పట్టుకుని వచ్చేదాకా ఆట. ఆయన కోపంలో న్యాయం ఉంది, రోజుకి నాలుగు గమేళాల ఇసుక మా జేబుల్లోనే పోయేది.

ఆ కుప్పలు ఇప్పుడు కనబడవు. ఏటి ఇసుకని ప్రభుత్వం లీజుకిస్తుంది, ట్రాక్టరుకి చలానా ఉండాలి, వానాకాలం నాలుగు నెలలూ ఏట్లో తవ్వకం ఆగిపోతుంది. అంత విలువైన సరుకుని వాకిట్లో ఎవరు వదిలేస్తారు? ఢళేయి, అంటే స్లాబు పోసే రోజు, పొద్దున్న వస్తుంది, సాయంత్రానికి స్లాబులో కలిసిపోతుంది. పెద్ద కట్టడాలకైతే డ్రమ్ము తిప్పుకుంటూ రెడీమిక్స్ లారీయే వచ్చేస్తోంది. పిల్లల దగ్గర్నుంచి ఇసుక లాగేసుకోవాలని ఎవరూ అనుకోలేదు. కానీ లాగేసుకున్నారు.

ఈ అవస్థ ముందు పడ్డవాళ్లు పట్నాలవాళ్లే. బెర్లిన్ పార్కుల్లో పిల్లల కోసం పోసిన ఇసుక కుప్పలు చూసిన మేరీ జక్రెవ్‌స్కా అనే డాక్టరమ్మ బోస్టన్‌కి ఉత్తరం రాసిందట. 1885లో అక్కడ ఒక ప్రార్థనామందిరం ఆవరణలో బళ్లతో ఇసుక తెచ్చి పోశారు. ఇరుకు వీధుల్లో ఉండే వలస కుటుంబాల పిల్లలు దాని మీద వాలిపోయారు. అమెరికాలో పిల్లల ఆటస్థలాల చరిత్ర ఆ కుప్పతోనే మొదలుపెడతారు. అంటే ఇసుకగుంట గొప్పవాళ్ల సరదాగా పుట్టింది కాదు, నేల పోయిన ఊరు పిల్లలకి కట్టిన పరిహారం. నాన్నకి ఇది చెప్పాను. "బోస్టన్లో గజం ఎంతో?" అన్నారు.

సరే, గుంట సంగతికొద్దాం. ఇసుక ఎక్కడిది అన్న దగ్గరే సగం ఆలోచన అయిపోతుంది. నాకు ముందు తట్టింది గోపాల్‌పూర్ బీచి. స్కూటరు మీద అరగంట, రెండు గోతాలు వేసుకుని నాలుగు ట్రిప్పులు కొడితే పైసా ఖర్చు లేదనుకున్నాను. ఆపింది నా కళ్లే. అల వెనక్కి పోయాక తడి ఇసుకలో నల్లటి చారలు, అక్కడక్కడా ఎర్రటి పొడి కనిపిస్తాయి చూడండి. ఆ నలుపు ఇల్మెనైట్, ఎరుపు గార్నెట్. వాటితో పాటు మోనజైట్ కూడా ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది. ఛత్రపూర్ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ కర్మాగారం ఉన్నదే ఈ ఖనిజాల కోసం. సహజంగానే రేడియోధార్మికత ఎక్కువున్న తీరాల్లో మనది ఒకటి. బీచికెళ్లి ఒక సాయంత్రం ఆడుకుంటే ఏమీ కాదు, మేమూ వెళ్తాం, మొక్కజొన్న పొత్తులు తింటాం. కానీ అదే ఇసుకని ఇంటికి మోసి, రోజూ మూడు గంటలు పసివాడి చేతులు అందులో పెట్టించాల్సిన అవసరమేముంది? పైగా ఉప్పు. ఎప్పుడూ జిగటగా తడిగా ఉంటుంది, ఒళ్లు దురద. ఇంకో మాట, ఆ ఇసుక ఊరికే పడి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ దానికి సొంతదార్లున్నారు. కాస్త ఉత్తరాన రుషికుల్య సంగమం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కోటి వంద దాకా పెట్టి, కప్పేసి పోతుంది. లోపల ఇసుక ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది. అంతటి పని చేసే ఇసుకని గోతాంలో వేసుకొచ్చి గుంటలో పోయడం నాకు నచ్చలేదు.

రాతిపొడి, ఎం-శాండ్ అన్నవాళ్లూ ఉన్నారు, చవక అని. క్రషర్లో రాయిని పగలగొట్టి చేసేది అది. రేణువుకి కోణాలుంటాయి, చేతులు గీరుకుంటాయి. దానికన్నా చెడ్డది దానిలోని సన్నటి దుమ్ము. ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో క్రషర్లో పనిచేసినవాళ్ల ఇళ్లలో అడగండి. గోడలకి వాడుకోండి, పిల్లలకి వద్దు. ఏటి ఇసుకైతే నీళ్లలో దొర్లి దొర్లి నునుపెక్కి వస్తుంది. కొనేముందు ఒక పరీక్ష ఉంది: గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి గట్టిగా ఊపి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున్న ఇసుక మీద పేరిన ఒండ్రు ఒక పల్చటి గీతలా ఉంటే మంచిది, వేలెడుంటే ఆ ట్రాక్టరు వద్దు.

"ఏర్లన్నీ తవ్వేస్తున్నారని రాస్తావు, నువ్వే ఆటకి ఇసక తోలించుకుంటావు" అని ఒక స్నేహితుడు పొడిచాడు. పొడవాల్సిన మాటే. ప్రపంచం ఏటా వాడేస్తున్న ఇసుక, కంకర కలిపి 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో లెక్క చెప్పింది. నా వాటా చెబుతాను: అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, పదంగుళాల లోతు. ఇరవయ్యొక్క ఘనపుటడుగులు, పావు ట్రాక్టరు, దాదాపు ఒక టన్ను. మా బావ చెప్పిన రెండు గదులు వేసి ఉంటే దానికి ఎన్ని రెట్లు పోయేదో ఆయనే లెక్కగట్టాలి. ఆ ఇసుక స్లాబులో చేరితే మళ్లీ ఇసుక కాదు. ఇది మావాడికి మీసాలొచ్చాక అమ్మ మల్లెపాదులోకి పోతుంది. ఇది ఇసుకగానే ఉంటుంది.

కట్టడం ఒక ఆదివారం పని. నేనూ, గంట సేపు వచ్చి పోయిన తాపీ మేస్త్రీ. పనస గొయ్యి పైభాగాన్ని చదరం చేశాం. ఇక్కడే అందరూ చేసే తప్పు ఒకటుంది, మేస్త్రి కూడా చేయబోయాడు: అడుగున సిమెంటు వేసెయ్యడం. వేస్తే అది ఇసుకగుంట కాదు, తొట్టె. ఒక్క వానకి నీళ్లు నిలిచి, వారానికి కంపు కొట్టి, దోమలు. అడుగున మూడంగుళాలు ఇటుక ముక్కలు పరిచి, దాని మీద ప్లాస్టిక్ సిమెంటు గోతాలు కోసి, మేకుతో చిల్లులు పొడిచి పరిచాం. నీళ్లు కిందికి దిగుతాయి, మట్టి పైకి రాదు. గోనెసంచులు వేస్తే ఏడాదికి చివికిపోతాయి. అంచుకి నాలుగు సరుగుడు దుంగలు, బెరడు తీసి, గరుకు కాగితంతో రుద్ది, చెద పట్టకుండా వేపనూనె రాసి. అంచు మీద కూర్చోగలిగేలా ఉండాలి. అది పిల్లల కోసం కాదు, వాళ్ల కోసం వచ్చే పెద్దల కోసం.

చోటు విషయంలో ఒకటే చెబుతాను. మునగచెట్టు కింద పెట్టొద్దు. నీడ బాగుంటుంది, గొంగళి పురుగులు ఇంకా బాగుంటాయి. మాది వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది, నాలుగు దాటాక గోడ నీడ పడుతుంది. అంతకు ముందు మే నెలలో ఆ ఇసుక మీద కాలు పెట్టలేం.

ట్రాక్టరు డ్రైవరు ఇసుక దించుతూ ఒడియాలో అడిగాడు, ఢళేయి ఎప్పుడని. పిల్లవాడు ఆడుకోడానికి అన్నాను. అతను నన్ను కాదు, మా నాన్నని చూశాడు, పాపం ఈ పెద్దాయన అన్నట్టు.

మా అత్తగారి అభ్యంతరం వేరు. "ఇసకలో ఆడితే కడుపులో పురుగులు పడతాయి నాయనా." ఇది నవ్వి తోసెయ్యాల్సిన మాట కాదు. మలం కలిసిన నేలలోనే కొంకిపురుగు పిల్ల బతికుండి పాదాల నుంచి లోపలికి పోతుంది. ఇక పిల్లి. మెత్తటి పొడి ఇసుకని చూస్తే అది దాని కోసమే కట్టించామనుకుంటుంది. పనస గొయ్యిలో ఈనిన పిల్లి సంతతి ఇంకా మా పెరట్లోనే తిరుగుతోంది మరి. మొదట టార్పాలిన్ కప్పాను. మూడు రోజులకి లోపల చెమ్మపట్టి బూజు వాసన. అప్పుడు గోపాల్‌పూర్‌లో చేపలు పట్టేవాళ్ల దగ్గర చిరిగిన నైలాను వల ఒకటి అడిగి తెచ్చాను. దాన్ని రెండు మడతలు వేసి, సరుగుడు కర్రల చట్రానికి బిగించి కట్టాను. ఎండ తగులుతుంది, గాలి ఆడుతుంది, పిల్లి మాత్రం పైన నిలబడి కిందికి చూసి పోతుంది. రాత్రి వల వెయ్యాలి, పొద్దున్న తీశాక పిల్లల్ని దింపేముందు కర్రతో ఒకసారి గెలకాలి, వానాకాలం తేళ్లుంటాయి. ఆడి వచ్చాక చేతులు సబ్బుతో. ఫిబ్రవరిలో, ఆగస్టులో బళ్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పకుండా. ఇంత చేస్తే అత్తగారు ఒప్పుకున్నారా అంటే, లేదు. కానీ ఆవిడ తెచ్చిన పాత ఇత్తడి గరిటె ఇప్పుడు ఇసుకలోనే ఉంది.

ఇక అసలు తగువు. ఇది నాతో నాకే.

ఇసుకగుంటకి ఇంట్లో ఒప్పించడానికి నేను చెప్పిన కారణాలు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వేళ్ల కండరాలు బలపడతాయి, ఏకాగ్రత పెరుగుతుంది, లెక్కలు వస్తాయి. ఏదో వీడియోలో విన్నవన్నీ అప్పజెప్పాను. నిజమే కావచ్చు. కానీ ఆ చోటు పెద్దవాళ్ల పనికి రాకూడదని కదా కట్టింది? లెక్కలు వస్తాయని కడితే అది ట్యూషను గదే, పైకప్పు లేదంతే. అక్కడితో ఆగానా? ఇక్కడ బడి ఒడియాలో, ఇంగ్లీషులో నడుస్తుంది. మావాడికి తెలుగు అక్షరాలు ఇంట్లోనే రావాలి. మా తాతగారు వీధిబడిలో ఇసుక మీద వేలితో ఓనమాలు దిద్దినవారు. వేలు మండేదట, తప్పు రాస్తే మాస్టారు వేలు పట్టుకుని ఇసుకలో ఇంకా నొక్కేవారట. మా గుంట నిండా ఇసుక ఉండగా పలక ఎందుకనిపించింది నాకు.

ఆ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ, ఇక్కడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు రాయడం చూశాడు. కాగితం అక్కర్లేదు, చెరిపితే మళ్లీ కొత్తది. తన బడిలో పెట్టేశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకి చెప్పడం అనే పద్ధతినీ కలిపి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. దానికి మద్రాసు పద్ధతి అని పేరు పడింది. ఇంగ్లండులో పేదపిల్లలు ఇసుక పళ్లేల్లో ఏబీసీడీలు దిద్దారు. 1936లో ఒడిశా విడిపడే దాకా మా గంజాం కూడా మద్రాసులోదే కాబట్టి, ఈ గొప్పలో మాకూ పిసరంత వాటా ఉందని నేను చెప్పుకుంటుంటాను.

ఇంత చరిత్ర మోసుకుని వెళ్లి గుంట అంచున కూర్చున్నాను. తడి ఇసుక చదును చేసి, నా వేలితో పెద్దగా "అ" రాశాను. మావాడు చూశాడు. "బాగుంది" అన్నాడు. తర్వాత ఆ "అ" కడుపులో గరిటె దించి, కాలవ తవ్వి, చెంబుతో నీళ్లు వదిలాడు. మళ్లీ రాశాను. ఈసారి వాడు కోప్పడలేదు, ఏడవలేదు. మా ఇంట్లో అందరూ వాడితో అనే మాటే చాలా మర్యాదగా నాతో అన్నాడు: "కొంచెం జరుగు నాన్నా."

జరిగాను. అక్షరాలు ఇప్పుడు పలక మీద, వంటింట్లో, రాత్రి అన్నం ముందు నేర్చుకుంటున్నాడు. "ఱ" దాకా వచ్చాం.

గుంటలో ఏం నేర్చుకుంటున్నాడో నేను చూడను అనుకుంటాను గానీ కిటికీలోంచి కనబడుతుంది. మొదటి వారమంతా పొడి ఇసుకతో గూడు కట్టబోయి కూలిపోతే కసురుకున్నాడు. తర్వాత బకెట్టు నీళ్లు కుమ్మరించి బురద చేశాడు, అదీ నిలబడలేదు. ఎన్నాళ్లకో చేయి చిలకరించినంత తడి చాలని పట్టుకున్నాడు. రేణువుకీ రేణువుకీ మధ్య సన్నటి నీటిపొర ఉంటేనే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, నీళ్లు నిండిపోతే పట్టు వదిలేస్తాయి. ఇది నేను చెప్పి ఉంటే ఒక నిమిషంలో అయిపోయేది. చెప్పనందుకు వాడికి పదిహేను రోజులు దొరికాయి. కొన్న ప్లాస్టిక్ అచ్చులు, చేప, నక్షత్రం, అన్నీ మూలన పడ్డాయి. నడిచేవి కొబ్బరి చిప్ప, చిల్లుల డబ్బా, టీ వడపోసే పాత జల్లెడ, అత్తగారి గరిటె.

పక్కింటి ఒడియా వాళ్ల అమ్మాయి మూడో రోజే గోడ దగ్గర స్టూలు వేసుకుని తొంగిచూసింది. నాలుగో రోజు గుంటలో ఉంది. ఆ పిల్ల దాన్ని "బాలిఘరొ", ఇసుక ఇల్లు, అంటుంది, మావాడు పిచ్చుక గూడంటాడు. కొన్నాళ్లు కొట్టుకున్నారు, అది ఇల్లా గూడా అని. ఇప్పుడు పాదం మీద కట్టేది గూడు, చేతులతో కట్టేది ఘరొ. రెండూ వేరువేరు సంగతులని నాకే చెప్పారు, తెలియనివాడికి చెప్పినట్టు. నాకు తెలిసి ఏ నిఘంటువులోనూ ఆ తేడా లేదు. భాద్రపదంలో ఆ పిల్ల అమ్మమ్మ పళ్లెం పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. బాలి తృతీయకి శివపార్వతుల్ని ఇసుకతో చేసి పూజిస్తారు, శుభ్రమైన ఇసుక ఎక్కడా దొరకడం లేదు, మీ అబ్బాయి గుంటలోది ఇస్తారా అని. మా అమ్మ ఇవ్వబోతే మావాడు ఆపాడు. వాడి ఇసుక, వాడే ఇవ్వాలట. చిప్పతో నాలుగుసార్లు పోశాడు. మర్నాడు ప్రసాదం పళ్లెం నేరుగా వాడి పేరు మీదే వచ్చింది.

నాన్న ఇంకా గజం ధర మరిచిపోలేదు. సాయంత్రం కుర్చీ పెరటి వైపుకి జరుపుకుని పేపరు చదువుతారు. ఒక రోజు చూస్తే సరుగుడు దుంగ మీద కూర్చుని, పంచె మోకాళ్ల దాకా ఎగదీసి, ఇసుకలో మూరెడు కట్ట పోస్తున్నారు. పిల్లలిద్దరూ ఎదురుగా చేతులు సిద్ధంగా పెట్టుకుని ఉన్నారు. వేళ్లు అటూ ఇటూ పోనిస్తూ నాన్న పెట్టిన మొహం నేను పెట్టలేను. నన్ను చూసి, "ఏట్రా చూస్తావు, నీ పని చూసుకో" అన్నారు.

ఇసుక తగ్గిపోతోంది. కట్టినప్పుడు పదంగుళాలు, మొన్న స్కేలు పెట్టి చూస్తే ఏడు. పోయింది ఎక్కడికో మాకు తెలుసు: మంచం మీద దుప్పట్లో, బడి సంచి అడుగున, బాత్రూము తూములో, నాన్న పంచె అంచులో. మా ఆవిడ చీపురుతో ఊడ్చినప్పుడల్లా ఒక పిడికెడు వెనక్కి తీసుకెళ్లి గుంటలో వేస్తుంది. వానలు వెనకబట్టాక మళ్లీ పావు ట్రాక్టరు చెప్పాలి. ఆ డ్రైవరే వస్తే బాగుండును.